పసుపు దారం కట్టిన నంబరు ప్లేట్లు

మమ్మల్ని నెలల తరబడి తిప్పిన ఆ ఠాణా ఏ ఊళ్లోదో నేను రాయను. రాస్తే మళ్లీ నన్నే పిలుస్తారు, మళ్లీ మమ్మల్నే ఆ బెంచీ మీద కూర్చోబెడతారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ ఇంకా ఒకే జిల్లాలో ఉన్న రోజులవి. రెండువేల సంవత్సరం దాటి ఏ నాలుగేళ్లో అయి ఉంటుంది. మా మోపెడ్‌కున్న నంబరు ప్లేట్లు రెండూ పోయాయి. బండి పోలేదు, ప్లేట్లే పోయాయి. అవి పోయాయని ఒక తెల్లకాగితం మీద రాయించుకోవడానికి మాకు ఏడు నెలలు పట్టింది. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మాది గద్వాలలో నేతగాళ్ల వీధి. మా నాయన షావుకారు దగ్గర పట్టూ జరీ తెచ్చుకుని, ఇంట్లో గుంటమగ్గం మీద చీరలు నేసి ఇచ్చేవాడు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపే పనిలో ఆయనకు మంచి పేరుండేది. ఎడమచేతి వాటం మనిషి. చిన్నప్పుడు వాళ్ల నాయన వేళ్ల మీద కొట్టి మార్చాలని చూశాడట, మారలేదు. తెగిన పోగు ముడి వేస్తే ఆ ముడి కూడా వీధిలో వాళ్లందరి ముడికి ఎదురు దిక్కుగా పడేది. చీర తిరగేసి చూసి ఇది ఎవరు నేసిందో చెప్పేవాళ్లు.

జరీ ఖరీదైన సరుకు. అందుకని షావుకారు నేతగాళ్లందరికీ దాన్ని జోకి, అంటే తూచి ఇచ్చేవాడు, చీర వచ్చాక మిగిలింది మళ్లీ తూచి తీసుకునేవాడు. మా నాయనకు మాత్రం ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ తూచలేదు. అలమారలోంచి తీసి చేతిలో పెట్టేవాడు, అంతే. మా నాయన కూడా మూరెడు జరీ మిగిలితే ఆ మూరెడూ కాగితంలో చుట్టి తిరిగి ఇచ్చేవాడు. దుకాణంలో మేకుకు వేలాడే ఆ త్రాసు మా నాయన వెళ్లినప్పుడు కిందికి దిగేది కాదు. ఆ మాట మా అమ్మ ఎవరికైనా చెప్పేటప్పుడు కొంగు సర్దుకుని మరీ చెప్పేది. మా ఇంటికి అంతకు మించిన ఆస్తి లేదు.

మోపెడ్ పాతది, నాయన పేరు మీద కొన్నది. ఆయనకు నడపడం రాదు, ఒక కంటికి పొర కూడా కమ్మింది. నేనే నడిపేదాన్ని. అప్పుడు నేను ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు లెక్కలు చెబుతుండేదాన్ని. బడి అయ్యాక ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని షావుకారు దుకాణానికో, పని ఉంటే రాజోలికో తీసుకుపోయేదాన్ని. ఆయన చీరల మూట ఒళ్లో పెట్టుకుని, ఎత్తు వచ్చినప్పుడల్లా "జర నిమ్మలం బిడ్డా" అనేవాడు.

ఇక అసలు సంగతి. దసరాకు ముందురోజు మా వీధిలో ఆయుధపూజ. ఆ రోజు మగ్గం నుంచి ఏది విప్పడానికి వీలైతే అది విప్పుతారు. అడ్డపోగును అటూ ఇటూ లాక్కెళ్లే నాడెలు, దారం చుట్టే కండెలు, రాట్నం కదురు, నిలువు పోగుల పడుగు అయిపోయి ఉంటే పోగుల్ని బిగించే పన్నె కూడా. గుంటలో పాతిన కొయ్యల్ని దేవుడి గదిలోకి మోసుకుపోలేరు కదా. అందుకని ఊడి వచ్చేవన్నీ అరుగు మీదికి తెచ్చి, కడిగి, తుడిచి, ఒక్కొక్కదానికీ పసుపు దారం కట్టి ఎండకు ఆరబెడతారు. ఆరాక లోపల పీట మీద అమ్మవారి ముందు పెడతారు. వీధి పొడుగునా ప్రతి అరుగు మీదా అలా బతుకుదెరువు ఆరుతూ కనిపించేది. ఎవరూ కాపలా కూర్చునేవారు కాదు. నేతగాడి నాడెను ఎవరు ముట్టుకుంటారు?

ఆ ఏడు మా నాయనకు ఒక ఆలోచన వచ్చింది. బండి కూడా మనకు అన్నం పెట్టేదే కదా, దాన్నీ పూజలో పెట్టాలి. ఊరంతా బండికి ముందు చక్రం దగ్గర నిమ్మకాయ పెట్టి, హ్యాండిల్‌కు దండ వేసి ఊరుకుంటుంది. ఆయనకు అది ఆనలేదు. పానా తెచ్చి ముందూ వెనకా ఉన్న నంబరు ప్లేట్లు విప్పాడు.

అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. "ఊరందరిది ఒక తొవ్వ, నీది ఒక తొవ్వ. బండికి బొట్టు పెడితే సాలదా?"

"బండి లోపలికి రాదు గదనే. దాని పేరన్న అమ్మ ముంగటికి రానియ్యి" అన్నాడాయన.

నేను నవ్వాను. అది ఒప్పుకోవాలి. నవ్వడమే కాదు, బాగుంది నాయనా అని ఆ ప్లేట్లను నేనే కడిగి ఇచ్చాను. ఆయన బోల్టు పట్టే సందులోంచి పసుపు దారం దూర్చి ముడి వేసి, నాడెల పక్కన అరుగు మీద పెట్టాడు. మేమందరం స్నానాలకు లోపలికి వెళ్లాం. తిరిగి వచ్చేసరికి నాడెలున్నాయి, కండెలున్నాయి, కదురుంది. ప్లేట్లు రెండూ లేవు.

మొదట పిల్లలు ఆడుకోవడానికి తీసుకున్నారేమో అనుకున్నాం. వీధంతా అడిగాం. ఎవరో కొత్త మనిషి సంచి పట్టుకుని పోతుంటే చూశానని చివరింటి ముసలమ్మ చెప్పింది. మా నాయన ఖాళీ అయిన చోటును చేత్తో తడిమి చూశాడు. "అమ్మకు పెట్టేటివి గదనే" అన్నాడు. ఆ రోజు ఆయన బాధంతా పూజ తప్పిందనే. మిగతా బాధలు రాబోతున్నాయని మాకు తెలియదు.

పండుగ మరునాడు ఇద్దరం ఠాణాకు వెళ్లాం. వాకిట్లో జీపుకు పసుపు, కుంకుమ, ఇంతింత బంతిపూల దండలు. జీపు నంబరు ఆ దండ కింద కనిపించనే లేదు. లోపల గోడకు ఆనించిన తుపాకులకు కూడా బొట్లున్నాయి. వీళ్లూ మనలాగే పూజ చేసుకున్నవాళ్లే, అర్థం చేసుకుంటారు అనుకున్నాను. నా అమాయకత్వం!

ఫిర్యాదులు రాసే ఆయన కుర్చీలో వెనక్కి వాలి అడిగాడు. "ఏం పోయింది?"

"నంబరు ప్లేట్లు సారు" అన్నాను.

"బండి?"

"ఇంటికాడుంది."

"బండి ఇంటికాడుంది, నంబరు పోయిందా? గట్ల ఎట్ల పోతదమ్మా? బండిని పండబెట్టి ఇప్పిండ్రా దొంగలు?"

నేను నోరు తెరిచేలోగా మా నాయన చేతులు కట్టుకుని అన్నాడు. "లేదు సారు. నేనే ఇప్పిన."

ఆయన అబద్ధం ఆడలేడు. ఆడలేకపోవడం మంచిగుణమని బడిలో పిల్లలకు నేనే చెప్పేదాన్ని. ఆ రోజు ఆ గదిలో దాని విలువ ఎంతో చూశాను. రాసే ఆయన పక్క గదిలోని ఇద్దర్ని కేకేసి పిలిచాడు. "ఇటు రాండ్రి, ఈ తాత ముచ్చట ఇనుండ్రి. ఈయననే ఇప్పిండంట, ఈయననే అరుగు మీద పెట్టిండంట, దొంగను మనం పట్టాల్నంట!" ముగ్గురూ నవ్వారు. ఒకడు, రేపు బీరువా తెచ్చి బజార్ల పెట్టి రా తాతా, అది కూడా పట్టిస్తం అన్నాడు. మా నాయన కూడా వాళ్లతోపాటు కొంచెం నవ్వాడు. మర్యాదకు నవ్వాడు. ఆ నవ్వును మాత్రం నేను వాళ్లకు ఈ జన్మలో క్షమించను.

నవ్వడం అయ్యాక రాసే ఆయన దయ తలిచాడు. "దొంగతనమంటే కేసు రాయాలె, మాకు పరేషాన్, మీకు పరేషాన్. తొవ్వల ఊడి పడిపోయినయని రాసియ్యి. ముద్ర ఏస్త."

"పడిపోలేదు సారు. ఎత్కపోయిండ్రు" అన్నాడు నాయన.

"పడిపోయినయని రాస్తే ముద్ర. ఎత్కపోయిండ్రంటే పో."

నేను నాయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. వీళ్ల ముద్ర ఎవడిక్కావాలి, కొత్తవి రాయించుకుందాం పద అన్నాను. నా కోపం నాకు ఎన్నోసార్లు అక్కరకొచ్చింది, కానీ ఆ పూట చేసిన చెరుపు మాత్రం చిన్నది కాదు. అక్కడే కూర్చుని ఉంటే, అరిచి అయినా ఒక కాగితం తీసుకుని ఉంటే, తర్వాతి కథ ఉండేది కాదు.

బస్టాండు దగ్గర బోర్డులూ నంబర్లూ రాసే పెయింటర్ ఉండేవాడు. బండి పత్రం తీసి ఇవ్వబోతే, "గది ఎందుకక్కా, నంబరు చెప్పు సాలు" అన్నాడు. చెప్పాను. మేము చాయ్ తాగి వచ్చేసరికి రెండు ప్లేట్లూ తయారు. అది నా నంబరో, కలెక్టరు నంబరో వాడికి అక్కర్లేదు. తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. నోటితో చెప్పిన నంబరు చాయ్ తాగేలోపు రాసిచ్చే దేశంలో ప్లేట్లు దొంగతనం చేయడమెందుకు? ఆ దొంగకు పెయింటర్ దగ్గర కూర్చునే ఓపిక కూడా లేదు. వాడి బద్ధకం మా కొంప మీదికి వచ్చింది.

రెండు వారాలు ఆగి, మనసు ఊరుకోక, నేనొక్కదాన్నే మళ్లీ ఠాణాకు వెళ్లాను. ఈసారి మర్యాదగా అడగాలని ఇంట్లోనే అనుకుని మరీ వెళ్లాను. రాసే ఆయన కిటికీలోంచి బండి చూశాడు. "నంబరు ఉంది గద బండికి? ఇంక పోయిందేంది?" కొత్తవి రాయించామన్నాను. "నంబరు లేనప్పుడు రాలేదు, ఉన్నంక వచ్చి లేదంటున్నవ్. నీకు పని లేదా అమ్మా?" లేనప్పుడే వచ్చామని, నువ్వే నవ్వి పంపావని గట్టిగానే అన్నాను. ఆయన లేచి చాయ్‌కి వెళ్లిపోయాడు.

దీపావళి వెళ్లిన వారానికి ఒక పొద్దున ఇద్దరు మనుషులు మా వీధిలోకి వచ్చి నాయన పేరు అడిగారు. వనపర్తి వైపు ఒక ఠాణా నుంచి వచ్చారు. వీపనగండ్ల దగ్గర పల్లికాయ చేను నుంచి ఇంటికి పోతున్న ఒకామె మెడలోంచి గొలుసు తెంపుకుని పోయారట. వెనక వస్తున్న రైతు ఒకాయన బండి నంబరు గుర్తు పెట్టుకున్నాడు. అది మా నంబరు.

వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. అందరూ గడపల్లోకి వచ్చి చూశారు. మా నాయన మగ్గం గుంటలోంచి లేచి, కాళ్లు కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని వాళ్ల వెంట నడిచాడు. మోపెడ్‌ను కూడా ఒకడు నడుపుకుంటూ తీసుకుపోయాడు. నేను బడికి కబురు పెట్టి బస్సెక్కాను. ఎర్రవల్లి చౌరస్తా, కృష్ణ బ్రిడ్జి, పెబ్బేరు... ఎన్నోసార్లు పోయిన దారే, ఆ రోజు ఎంతకీ తెగలేదు.

అక్కడి అధికారి మొదట అడిగిన మాట, "ప్లేటు మీద పెయింటు కొత్తగ ఎందుకుంది?"

చెప్పాను. ఆయుధపూజ, అరుగు, పెయింటర్, అన్నీ చెప్పాను.

"పోయినయంటె మీ ఠాణాల కంప్లయింట్ ఎందుకియ్యలే?"

"ఇయ్యనీకి పోయినం సారు. తీసుకోలే."

"తీసుకోలేదని ఏమన్న కాగితం ఉందా?"

కాగితం ఇవ్వలేదని కాగితం కావాలట! పెయింటర్‌ను అడగండి అన్నాను. పెయింటర్‌కు ఫోన్ చేశారు. రోజుకు ఎన్నో రాస్తాం, గుర్తు లేదన్నాడు వాడు. చాయ్ తాగేలోపు రాసిన మనిషికి అంతకంటే ఏం గుర్తుంటుంది?

మధ్యాహ్నం దాటాక గొలుసు పోయినామెను పిలిపించారు. మా అమ్మ ఈడుది. చేలోంచే వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లకు మట్టి. మెడ మీద గొలుసు కోసుకుపోయిన గీత ఇంకా ఎర్రగా ఉంది. ఆమె మా నాయన ముందు నిలబడి పైనుంచి కిందికి చూసింది. బయట మోపెడ్‌ను చూసింది. ఆ తర్వాత అధికారి వైపు తిరిగింది.

"ఈయననా? ఈ ముసలాయనకు నా మెడ ఏడుందో కూడ కండ్లకు ఆనదు! నేను చెప్పలేదా సారు, వాళ్లు ఇద్దరు పిలగాండ్లు, పెద్ద మోటరు మీద వచ్చిండ్రని? ఈ డుగుడుగు బండి ఎక్కి వస్తే నేనే ఉరికి పట్టుకుందును. నా పుస్తెలు పోయినయని నేనేడుస్తుంటే నాకు తాతను చూపిస్తరా?"

"నంబరు ఇదే గదమ్మా" అన్నాడాయన.

"నంబరు గుంజుకపోయిందా నా గొలుసు? మనిషి గద గుంజుకపోయింది!"

ఆమె నా చెయ్యి పట్టుకుని, "మీ నాయనను ఇంటికి తోల్కపో బిడ్డా, పొద్దటిసంది ఏమన్న తిన్నడా" అని అడిగింది. ఆ రోజు ఆ ఠాణాలో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

సాయంత్రానికి వదిలారు. కానీ బండి ఉంచుకున్నారు. దొంగ దొరికేదాకా ప్రతి సోమవారం నాయన వచ్చి సంతకం పెట్టి పోవాలన్నారు. ఆమె కాదని చెప్పింది కదా అంటే, అది వేరే, ఇది వేరే అన్నారు. ఏది వేరో ఎవరూ చెప్పలేదు.

సోమవారాలు మొదలయ్యాయి. నేను బడికి సెలవు పెట్టడం, బడి పెద్ద టీచరమ్మ మొహం మాడ్చుకోవడం, రెండు బస్సులు మారడం, బెంచీ మీద గంటలు గంటలు కూర్చోవడం, ఒక సంతకం. ఒక్కోసారి సంతకం పుస్తకం పెట్టిన అలమార తాళం మనిషి ఉండేవాడు కాదు. మధ్యలో బండ్ల ఆఫీసుకు కూడా వెళ్లాం. ప్లేట్లు పోయి కొత్తవి వేసుకున్నామని వాళ్లయినా ఒక కాగితం ఇస్తారేమో అని. అక్కడి గుమాస్తా కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, పాత ప్లేట్లు తెచ్చి అప్పగించండి, అప్పుడు చూద్దాం అన్నాడు. పోయాయి సార్ అన్నాను. పోయాయని ఠాణా కాగితం తెండి అన్నాడు. ఠాణాలో అడిగితే బండ్ల ఆఫీసు కాగితం తెమ్మన్నారు. నేను అక్కడే, ఆ మెట్ల మీదే, పెద్ద గొంతుతో తిట్టాను. ఏమని తిట్టానో ఇక్కడ రాస్తే బాగుండదు. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. తిట్లకు కాదు, జనం చూస్తున్నందుకు.

ఇవన్నీ భరించొచ్చు. ఒక సాయంత్రం నాయన చీర ఇచ్చి రావడానికి షావుకారు దగ్గరికి పోయి, ఖాళీ చేతులతో వచ్చాడు. జరీ ఇంకా రాలేదట అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. పక్కింటి మగ్గానికి అదే రోజు జరీ వచ్చిందని మా ఇద్దరికీ తెలుసు.

మరునాడు నేను దుకాణానికి వెళ్లాను. షావుకారు చెడ్డమనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి వచ్చేదాన్ని. "మీ నాయన సంగతి నాకు తెల్వదా బిడ్డా? గని నల్గురు నోళ్లు మూయలేను. గొలుసు కేసు అంటుండ్రు. ఆ పోలీసోళ్ల తిరుగుడు తెగినంక, ఏదన్న కాగితం తెచ్చుకుంటే మల్ల సూద్దం" అన్నాడు. త్రాసు ఆయన వెనక మేకుకు వేలాడుతోంది. ముప్పై ఏళ్లు ఈయన దగ్గర కాగితం లేకుండా నడిచిన మనిషికి ఇప్పుడు కాగితం కావలసి వచ్చింది.

మా మగ్గం ఆగిపోయింది. మా నాయన పొద్దున్నే అలవాటుగా గుంటలో దిగి కూర్చునేవాడు. పడుగు లేని మగ్గం ముందు కూర్చుని నాడెకు నూనె రాసేవాడు. ఏం చేస్తున్నావు నాయనా అంటే, "ఎండిపోతది బిడ్డా" అనేవాడు. నాకు ఆ ఠాణాకు పోయి ఆ బల్లలూ బెంచీలూ విరగ్గొట్టాలనిపించేది. చేయలేదు. సోమవారం వస్తే బస్సెక్కేదాన్ని.

ఎండలు ముదిరాక, బడికి సెలవులిచ్చాక, నాగర్‌కర్నూలు నుంచి కబురొచ్చింది. అక్కడ ఇద్దరు కుర్రాళ్లు పెద్ద మోటారు సైకిలుతో దొరికారట, దానికి మా నంబరు ప్లేట్లే ఉన్నాయట. వచ్చి గుర్తు పట్టాలి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని ఊరికే అన్నారా?

అక్కడి అధికారి మనిషిలా మాట్లాడాడు. కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు. ఇన్ని నెలల్లో మాకు నీళ్లిచ్చిన మొదటి ఆఫీసు అది. బల్ల మీద రెండు ప్లేట్లు పెట్టి అడిగాడు. "ఇవి మీవేనని ఎట్ల చెప్తవ్ పెద్దాయనా? ఈ నంబరు ఎవలైన రాయించుకోవచ్చు గద?"

నిజమే, ఎవరైనా రాయించుకోవచ్చు. ఇప్పుడు ఇక్కడ కూడా పెయింటర్‌ను పిలుస్తారా?

మా నాయన ప్లేటును కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. కనిపించలేదు కాబోలు, బొటనవేలితో అంచు వెంట తడుముతూ పోయాడు. బోల్టు పట్టే సందు దగ్గర వేలు ఆగింది. ఆ సందులో మట్టికొట్టుకుపోయిన చిన్న దారపు ముక్క ఉంది. ఆ దొంగలు దాన్ని తీయను కూడా తీయకుండా, దాని మీదే బోల్టు బిగించి తిరిగారు.

"నాదే సారు. ఇది నా ముడి" అన్నాడు నాయన.

అధికారికి అర్థం కాలేదు. నాయన తన పంచె అంచు నుంచి ఒక పోగు లాగి, తెంపి, ఆయన ముఖం వంకే చూస్తూ రెండు కొసలూ కలిపి ముడి వేశాడు. కళ్లతో పని లేకుండా వేళ్లే వేశాయి. తర్వాత అక్కడున్న ఒక జవాను, వాళ్లదీ నేత ఇల్లేనట, అతనితో ఒక ముడి వేయించారు. మూడూ పక్కపక్కన పెట్టి అధికారి వంగి చూశాడు. జవాను ముడి ఒక దిక్కుకు పడింది. నాయన వేసిన ముడీ, ప్లేటు మీది ముడీ దానికి ఎదురు దిక్కుకు పడ్డాయి.

"దారం ఎందుకు కట్టినవ్?" అన్నాడు అధికారి.

"ఆయుధపూజ సారు. అమ్మ ముంగట పెడదామని నేనే ఇప్పిన" అన్నాడు నాయన, ఏడు నెలల కింద అన్నట్టే, చేతులు కట్టుకుని. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన కాగితం రాసిచ్చాడు. ప్లేట్లు దొంగలు ఎత్తుకుపోయినవేనని, ఆ గొలుసుతో మా నాయనకు ఏ సంబంధమూ లేదని. సంతకం, ముద్ర. ఇక సోమవారాలు అక్కర్లేదన్నాడు. గొలుసు దొరికిందా అని అడిగాను. అమ్మేసుకున్నారట. చేలోంచి వచ్చిన ఆమె ఎర్రటి మెడ గుర్తొచ్చింది. ప్లేట్లు మాత్రం కోర్టుకు పోవాలి, మీకివ్వరాదు అన్నాడు. ఉంచుకోండి అన్నాను. ఆ రేకులు చూస్తే నాకు ఒళ్లు మండుతోంది.

మోపెడ్ తెచ్చుకున్నాం. సీటు మీద ఆరు నెలల దుమ్ము, టైర్లలో గాలి లేదు. మరునాడు పొద్దున నాయన ఉతికిన చొక్కా వేసుకుని, కాగితాన్ని జరీ మిగిలితే చుట్టినట్టే మరో కాగితంలో చుట్టి పట్టుకున్నాడు. నేను బండి నడిపాను. దారిలో ఎత్తు వచ్చినా నాయన నిమ్మలం అనలేదు.

షావుకారు కాగితం మొత్తం చదివాడు. మడిచి ఇచ్చేస్తూ, "నాకు ముందే ఎరుక" అన్నాడు. ఎరుకైతే ఇన్ని నెలలు మా మగ్గం ఎందుకు ఎండిందని అడగడానికి నోరు తెరిచాను. నాయన నా మోచెయ్యి నొక్కాడు.

షావుకారు లేచి అలమార తెరిచాడు. జరీ తీసి, ఎప్పటిలాగే చెయ్యి చాచి ఇవ్వబోయాడు. మా నాయన చెయ్యి చాపలేదు.

"జోకియ్యి సావుకారి" అన్నాడు.

షావుకారు ముఖం చిన్నబోయింది. "ఏందయ్యా, నీకు జోకుడేంది? నీకు ఎన్నడన్న జోకిన్నా?"

"ఎన్నడు జోకలే. అందుకే రేపు ఎవలన్న అడిగితే సూపెట్టనీకి నా తాన ఏం లేదు. జోకియ్యి."

షావుకారు ఎవరి వైపూ చూడకుండా మేకు మీది త్రాసు దించాడు. ఒక పళ్లెంలో రాళ్లు వేశాడు, ఇంకో పళ్లెంలో జరీ పెట్టాడు. మా నాయన వంగి, మంచి కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. దుకాణంలో వెలుతురు తక్కువ. ఆయనకు ఆనలేదు.

"ముల్లు నడిమికొచ్చిందా, సూడు బిడ్డా" అన్నాడు.

నేను ముల్లు వైపు చూడలేదు. ఆయన ముఖమే చూస్తున్నాను.

"వచ్చింది నాయనా" అన్నాను.